మనిషికి ఒక్క బటర్ ప్యాకెట్: ఆసియా నగరాల్లో పాశ్చాత్య సరుకుల వెనుక లెక్క

2014 డిసెంబరులో టోక్యో సూపర్‌మార్కెట్లలో బటర్ పెట్టే అరలు చాలాచోట్ల ఖాళీగా ఉండేవి. ఉన్నచోట పక్కనే ఒక కాగితం అంటించి ఉండేది: మనిషికి ఒక్క ప్యాకెట్ మాత్రమే. క్రిస్మస్ కేకుల రోజులవి. ఇంట్లో కేకు చేసుకుందామనుకున్నవాళ్లు రెండు మూడు షాపులు తిరిగి ఒక్కో ప్యాకెట్ పోగుచేసుకోవాల్సి వచ్చింది. రైలు ఒక్క నిమిషం ఆలస్యమైతే మైకులో క్షమాపణ చెప్పే దేశంలో బటర్ కరువు! అదే సమయంలో సింగపూర్‌లో, పాడి అన్నదే దాదాపు లేని ఆ చిన్న దీవిలో, ఫ్రాన్స్ బటర్, న్యూజిలాండ్ బటర్, ఆస్ట్రేలియా బటర్ పక్కపక్కనే పేర్చి ఉన్నాయి.

ఆసియాలో కాపురం పెట్టిన పాశ్చాత్యులందరికీ ఈ తికమక తెలిసిందే. ఒక ఊళ్లో వీధి చివర దొరికేది ఇంకో ఊళ్లో గంట ప్రయాణం చేసినా దొరకదు. నిన్న ఉన్నది ఇవాళ ఉండదు. మనవాళ్లకూ ఇది కొత్త కాదు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పదేళ్లుండి, ఉద్యోగం మారి టోక్యోకో సోల్‌కో సింగపూర్‌కో చేరిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పెద్దవాళ్లు కందిపప్పు, చింతపండు ఎక్కడ దొరుకుతాయో మొదటి వారంలోనే కనుక్కుంటారు. అమెరికాలో పుట్టిన పిల్లలు అడిగే చెడ్డర్ చీజ్, పీనట్ బటర్, ప్యాన్‌కేక్ సిరప్ దగ్గరికి వచ్చేసరికి తల పట్టుకుంటారు. నేను టోక్యోలో ఉన్న రోజుల్లో, భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో కరివేపాకు నడిచి వెళ్లి తెచ్చుకునేదాన్ని. మామూలు చెడ్డర్ ముక్క కోసం మాత్రం రైలెక్కాల్సి వచ్చేది.

"దూరం నుంచి రావాలి కదా, అందుకే ఖరీదు" అని చాలామంది సరిపెట్టుకుంటారు. లెక్క వేసి చూస్తే ఆ ధరలో దూరం వాటా చిన్నది. మిగతాదంతా సుంకం, కోటా, లేబుల్ నిబంధన, డబ్బు మారకం రేటు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ సరుకును స్థానికులు తింటారా లేదా అన్నది.

విదేశీ పేరున్నదంతా విదేశం నుంచి రాదు

ముందు ఒక మాట తేల్చుకోవాలి. మనం "ఇంపోర్టెడ్" అని ఒకే మాట వాడతాం గానీ, అందులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది నిజమైన దిగుమతి. ఇటలీలో డబ్బాలో పెట్టిన టమాటాలు అదే డబ్బాతో ఓడ దిగుతాయి. రెండోది విదేశీ బ్రాండు, స్వదేశీ తయారీ. కొరియాలో అమ్మే స్పామ్ డబ్బా దీనికి మంచి ఉదాహరణ. పేరు అమెరికాది, 1987 నుంచి తయారీ కొరియాలోనే. మన క్యాడ్‌బరీ కూడా అంతే. బ్రిటన్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడి క్యాడ్‌బరీ తిని "రుచి వేరు" అంటారు. నిజంగానే వేరు, ఎందుకంటే పాల రకం, కొవ్వు, ఎండకు కరగకుండా చేసే ఏర్పాటు అన్నీ ఈ దేశానికి తగ్గట్టు మారతాయి. మూడోది ముడిసరుకు బయటిది, ప్యాకింగ్ ఇక్కడిది. జపాన్‌లో ప్రతి షాపులో కనిపించే ముక్కల ప్రాసెస్డ్ చీజ్ చాలావరకు ఈ కోవలోకి వస్తుంది. అక్కడ ఒక నిబంధన ఉంది: ప్రాసెస్డ్ చీజ్ చేసే కంపెనీ దేశీయ చీజ్ ఒక పాలు వాడితే, దానికి జోడుగా 2.5 పాళ్ల విదేశీ చీజ్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అందుకే జపాన్‌లో మెత్తటి ప్రాసెస్డ్ ముక్కలు చవక, అసలు చెడ్డర్ దిమ్మ ఖరీదు. రెండింటిలోనూ ఉన్నది చాలావరకు విదేశీ చీజే అయినా సరే.

ప్యాకెట్ చూసి తేడా పట్టుకోవడం కొన్ని దేశాల్లో తేలిక. ఇండోనేషియాలో ఆహార నియంత్రణ సంస్థ ఇచ్చే నంబరు "ఎంఎల్" అని మొదలైతే బయటి నుంచి వచ్చింది, "ఎండీ" అని మొదలైతే దేశంలో తయారైంది. మన దగ్గర దిగుమతి సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన లైసెన్సు నంబరు ఉన్న స్టిక్కర్ కనిపిస్తుంది.

ఈ మూడు రకాల తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, కింద చెప్పబోయే సుంకాలు, ఓడల ఆలస్యాలు మొదటి రకం మీద పూర్తిగా పడతాయి, మూడోదాని మీద కొంత పడతాయి, రెండోదాన్ని దాదాపు తాకవు.

కిలో చెడ్డర్ మూడు ఊళ్లలో దిగితే

ఒక ఊహా లెక్క వేద్దాం. ఫ్యాక్టరీ దగ్గర కిలో చెడ్డర్ 600 రూపాయలు అనుకుందాం. ఓడ ఖర్చు, బీమా కలిపి 60. మొత్తం 660. కస్టమ్స్ వాళ్లు సుంకం వేసేది ఈ మొత్తం మీద, అంటే రవాణా ఖర్చు మీద కూడా సుంకం పడుతుంది. సులువుగా ఉండడానికి మూడు ఊళ్లకూ ఓడ ఖర్చు ఒకటేనని, అన్నిచోట్లా దిగుమతిదారు, టోకు వ్యాపారి, షాపు ముగ్గురూ కలిసి 60 శాతం వేసుకుంటారని అనుకుందాం.

సింగపూర్‌లో చీజ్ మీద దిగుమతి సుంకం లేదు. 660 అలాగే ఉంటుంది. వ్యాపారుల 60 శాతం కలిస్తే 1,056. దాని మీద 9 శాతం జీఎస్టీ. చేతికి వచ్చే ధర 1,151 రూపాయలు.

టోక్యోలో, ఏ వాణిజ్య ఒప్పందమూ లేని దేశం నుంచి వస్తే సుంకం 29.8 శాతం. 660 కాస్తా 857 అవుతుంది. 60 శాతం కలిస్తే 1,371. ఆహారం మీద వినియోగ పన్ను 8 శాతం కలిస్తే 1,481.

హైదరాబాద్‌లో 30 శాతం సుంకం, ఆ సుంకం మీద 10 శాతం సామాజిక సంక్షేమ సర్‌చార్జి, వెరసి 33 శాతం. 878 అవుతుంది. వ్యాపారుల వాటా కలిస్తే 1,405. చీజ్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి చివరికి 1,475.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. టోక్యోలో ప్రభుత్వం వేసిన సుంకం 197 రూపాయలే. కానీ సింగపూర్‌కూ టోక్యోకూ మధ్య చివరి ధరలో తేడా 330. సుంకం మొదట్లోనే పడుతుంది కాబట్టి, ఆ తర్వాత వచ్చే ప్రతి వ్యాపారీ తన శాతాన్ని సుంకంతో కలిపిన మొత్తం మీదే వేసుకుంటాడు. సుంకం దారి పొడవునా లావెక్కుతూ వస్తుంది. ఇక దూరం సంగతి: సింగపూర్‌కు ఓడ ఖర్చు 60 నుంచి 120కి రెట్టింపైందనుకోండి, చివరి ధర 1,256 దగ్గర ఆగుతుంది. అప్పటికీ టోక్యో కన్నా 225 రూపాయలు తక్కువే.

ఈ లెక్కలో నేను ఒక పెద్ద సంగతి పక్కన పెట్టాను. నిజంలో వ్యాపారుల వాటా అన్నిచోట్లా ఒకటి కాదు. రోజుకు వంద ముక్కలు అమ్ముడుపోయే షాపు తక్కువ లాభంతో బతుకుతుంది. నెలకు నాలుగు ముక్కలు అమ్ముడుపోయే షాపు ఆ నాలుగింటి మీదే కరెంటు బిల్లు, గడువు దాటి పారేసిన ఐదో ముక్క ఖర్చు రాబట్టుకోవాలి. సుంకం ఒక్కటే ఉన్న రెండు ఊళ్లలో కూడా ధర రెండు రకాలుగా ఉండడానికి కారణం ఇదే.

ఓట్స్ సులువు, బ్రీ కష్టం

అన్ని సరుకుల ప్రయాణమూ ఒకటి కాదు. ఓట్స్, పాస్తా, పీనట్ బటర్, ఆలివ్ నూనె, డబ్బా టమాటా మామూలు కంటైనర్లో వస్తాయి. కొంచెం ఆలస్యమైనా చెడవు. అందుకే ఏ ఊళ్లో చూసినా ముందు దొరికేవి ఇవే. చెడ్డర్, బటర్ లాంటివి చల్లటి కంటైనర్లో రావాలి. రేవులో, లారీలో, గోడౌన్లో, షాపులో, ఎక్కడా చల్లదనం తెగకూడదు. దీన్నే కోల్డ్ చైన్ అంటారు. ఇక బ్రీ అనే మెత్తటి చీజ్, తాజా బెర్రీ పళ్లు లాంటివాటికి ఓడలో వారాల తరబడి కూర్చునే ఓపిక లేదు, వాటిని విమానం ఎక్కించాలి. విమానం ఎక్కినదాని ధర చెప్పక్కర్లేదు.

2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్ నుంచి ఆసియాకు వచ్చే ఓడలు చాలావరకు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టాయి. సుమారు పది రోజుల నుంచి రెండు వారాలు అదనం. పాస్తాకు అది లెక్క కాదు. గడువు తక్కువ ఉన్న చీజ్‌కు మాత్రం అమ్ముకునే రోజులు ఆ మేరకు తగ్గిపోతాయి.

మారకం రేటు దెబ్బ ఇంకా గట్టిది. 2021 మొదట్లో డాలరుకు సుమారు 105 యెన్లు. 2024 జులైలో 161 దాటింది. అమెరికాలో అయిదు డాలర్లున్న సీసా మొదట 525 యెన్లు, తర్వాత 805. సీసా మారలేదు, సుంకం మారలేదు, అమెరికాలో ధర మారలేదనే అనుకున్నా సగానికి పైగా పెరిగింది. జీతం యెన్లలో వచ్చే ఇంటికి ఇది నేరుగా తగిలే దెబ్బ.

మరి నిన్న ఉన్న సరుకు ఇవాళ మాయం కావడం ఏమిటి? చిన్న దిగుమతిదారులు ఒక్కో కంటైనర్లో పదుల రకాల సరుకులు కలిపి తెప్పిస్తారు. అది రెండు మూడు నెలలకోసారి రావచ్చు. ఒక రకం త్వరగా అయిపోతే దానికోసం ప్రత్యేకంగా కంటైనర్ రాదు, తర్వాతి దాకా ఆగాల్సిందే. విదేశాల్లో పాత కాపులు నచ్చిన సరుకు కనబడగానే ఒకేసారి నాలుగు కొనడం అందుకే. దానివల్ల అర ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది.

జపాన్‌లో బటర్ ఎందుకు కరువైంది

ఇప్పుడు మొదటి కథకు వద్దాం. ఇది సుంకం కన్నా ఒక మెట్టు పైన ఉన్న చిక్కు. దీని పేరు కోటా.

కోటా అంటే "ఇన్ని టన్నుల వరకు తక్కువ సుంకం, ఆపైన వచ్చేదానికి భారీ సుంకం" అనే ఏర్పాటు. జపాన్‌లో బటర్‌కు కోటా బయట సుంకం 29.8 శాతం, దానికి తోడు కిలోకు 985 యెన్లు. ఓడ దిగినప్పుడు కిలో 600 యెన్లున్న బటర్ తీసుకోండి. 29.8 శాతం అంటే 179 యెన్లు. దానికి 985 కలపండి. 600 యెన్ల బటర్ 1,764 యెన్లు అయింది. ఇంకా ఏ వ్యాపారీ ముట్టుకోలేదు. ఈ ధరకు ఎవరూ మామూలుగా తెప్పించరు. కాబట్టి దిగుమతి చాలావరకు ఏఎల్‌ఐసీ అనే ప్రభుత్వ సంస్థ చేతుల మీదుగా జరుగుతుంది. ఎంత బటర్ రావాలో, ఎప్పుడు రావాలో నిర్ణయించేది మార్కెట్ కాదు, ముందు సంవత్సరపు అంచనా.

రెండో సంగతి, పాలు ఎటు పోతాయన్నది. జపాన్ పాలలో సగానికి పైగా ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవివే. పాలు తక్కువైనప్పుడు మొదటి వాటా తాగే పాలకు, ఆ తర్వాత క్రీముకు. బటర్, పాలపొడి చివరి వరుస, ఎందుకంటే అవి నిల్వ ఉంటాయి కాబట్టి మిగిలిన పాలతో చేస్తారు. 2013లో ఎండలకు పశువుల పాలు తగ్గాయి, పాడి మానేసే రైతులు ఏటా పెరుగుతూనే ఉన్నారు. పాలు కొంచెం తగ్గితే తాగేవాళ్లకు ఆ తేడా తెలియలేదు. తగ్గిన భారమంతా బటర్ మీద పడింది. ప్రభుత్వం అదనంగా దిగుమతికి ఆదేశించింది గానీ, క్రిస్మస్ నాటికి అరలు నిండలేదు.

ఇక్కడ రైతు పక్షం వినకుండా తీర్పు చెప్పడం తప్పు. 1963లో జపాన్‌లో పాడి కుటుంబాలు నాలుగు లక్షలకు పైగా ఉండేవి. 2014 నాటికి ఇరవై వేల లోపుకు వచ్చాయి. న్యూజిలాండ్‌లో ఆవులు ఏడాదంతా పచ్చిక మేస్తాయి. హొక్కైడోలో నెలల తరబడి మంచు, దాణా చాలావరకు కొనాలి. సుంకం ఎత్తేస్తే ఆ మిగిలిన కుటుంబాలు కూడా నిలబడవని, రేపు ఏ యుద్ధమో వచ్చి ఓడలు ఆగితే తాగే పాలకే దిక్కుండదని రైతు సంఘాల వాదన. అవతలి పక్షం, ముఖ్యంగా బేకరీల వాళ్లు అడిగేది వేరు: "రక్షించండి, కాదనం. కానీ ఎంత తేవాలో ఒక ఆఫీసు ఏడాది ముందే ఊహించడం ఏమిటి? తక్కువైనప్పుడు మేం తెచ్చుకునే వీలైనా ఇవ్వండి." ఇద్దరి మాటలోనూ బలముంది. ఊహ ఎంత తప్పగలదో చూడండి: 2021 డిసెంబరులో పాలు మిగిలిపోయి పారబోయాల్సి వస్తుందేమోనన్న పరిస్థితి వచ్చింది. అప్పటి ప్రధాని కిషిదా స్వయంగా జనాన్ని మరో గ్లాసు పాలు తాగమని కోరారు. ఏడేళ్ల కింద మనిషికి ఒక్క ప్యాకెట్ అన్న దేశమే!

భారత్‌లో ఈ వాదన ఇంకా బరువైనది. ప్రభుత్వ లెక్క ప్రకారం పాడి మీద ఆధారపడిన రైతులు 8 కోట్లకు పైగా ఉన్నారు. రెండు గేదెలున్న ఇల్లు, ఉదయం పాల కేంద్రానికి క్యాన్ మోసుకెళ్లే మనిషి, వాళ్లే ఈ ఎనిమిది కోట్లు. అందుకే బ్రిటన్‌తో 2025 జులైలో సంతకమైన ఒప్పందంలోనూ, అంతకుముందు ఆస్ట్రేలియాతో కుదిరినదానిలోనూ పాల ఉత్పత్తులను పక్కన పెట్టారు. దీనికి తోడు, మాంసం, రక్తం, ఎముకల పొడి లాంటివి మేతగా పెట్టని పశువుల పాలతోనే చేసినట్టు ధ్రువపత్రం కావాలని భారత్ అడుగుతుంది. ఇది శాస్త్రానికి నిలవని అడ్డంకి అని అమెరికా చాలా ఏళ్లుగా అంటోంది. పాలను శాకాహారంగా, పూజాద్రవ్యంగా చూసే ఇళ్లకు ఆ షరతు అవసరమేనని భారత్ జవాబు. వాణిజ్య చర్చల వార్తల్లో "పాడి దగ్గర చిక్కు" అని చదివినప్పుడల్లా ఆ చిక్కు ఇదే.

కొరియా వేరే దారి పట్టింది. చీజ్ మీద 36 శాతం సుంకం ఉండేది. యూరప్‌తో 2011 జులైలో, అమెరికాతో 2012 మార్చిలో అమల్లోకి వచ్చిన ఒప్పందాలతో దాన్ని ఏటా కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చింది. అమెరికా బీఫ్ మీద 40 శాతం సుంకం కూడా అదే పద్ధతిలో 2026కు సున్నాకు చేరింది. పదిహేనేళ్ల గడువు ఇవ్వడంలో ఉద్దేశం రైతుకు సర్దుకునే సమయం దొరకాలని.

స్టిక్కర్ అంటించడం కూడా ఖర్చే

సుంకం కట్టినంత మాత్రాన సరుకు షాపుకు చేరదు. జపాన్‌లో పదార్థాల పట్టిక, దిగుమతిదారు పేరు, అలర్జీ వివరాలు జపనీస్‌లో ఉండాలి. తప్పనిసరిగా రాయాల్సిన అలర్జీ పదార్థాల్లో 2023లో వాల్‌నట్ కూడా చేరింది. పది వేల సీసాలు తెచ్చేవాడికి ఈ స్టిక్కర్ ఖర్చు పైసల్లో ఉంటుంది. ఇరవై సీసాలు తెచ్చేవాడికి పరీక్షలు, అనువాదం, అంటించే కూలీ అన్నీ ఆ ఇరవై మీదే పడతాయి. అరుదైన సరుకు మరింత అరుదుగా మారేది ఇక్కడే.

భారత్‌లో ఇంకో నిబంధన. సరుకు రేవుకు వచ్చేసరికి దాని మొత్తం గడువులో 60 శాతం గానీ, కనీసం మూడు నెలలు గానీ, ఏది తక్కువైతే అంత మిగిలి ఉండాలి. ఓడ ఆలస్యమైతే సరుకు బాగానే ఉన్నా లోపలికి రాదు.

ఒక్కోసారి చట్టం ఒక్క రోజులో అరను ఖాళీ చేస్తుంది. 2017 సెప్టెంబరులో చైనా కస్టమ్స్ బ్రీ, కామంబేర్, రోక్‌ఫోర్ లాంటి బూజు పట్టించి చేసే మెత్తటి చీజ్‌లను ఆపేసింది. ఆ బూజు రకాలు అనుమతి జాబితాలో లేవన్నది కారణం. కొన్ని వారాల తర్వాత, అక్టోబరులో మళ్లీ వదిలింది. సింగపూర్ 1992లో చూయింగ్ గమ్ అమ్మకాన్ని నిషేధించింది. 2004లో అమెరికాతో ఒప్పందం అమల్లోకి వచ్చాక వైద్యానికి పనికొచ్చే గమ్‌కు మాత్రం దారి ఇచ్చింది. గల్ఫ్ వెళ్లే మనవాళ్లకు గసగసాల సంగతి తెలిసిందే. యూఏఈలో అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. మన మసాలాకే కాదు, గసగసాలు చల్లిన యూరప్ రొట్టెకూ అదే చట్టం.

ఎవరు వచ్చి ఉన్నారో వాళ్ల వంట సామాను మిగిలింది

పాత షాపుల పుట్టుక చూస్తే అప్పట్లో ఆ ఊరికి ఎవరు వచ్చారో తెలిసిపోతుంది. యోకోహామాలో 1885లో మొదలైన మెయిదియా రేవుకొచ్చే ఓడలకు సరుకులు అందించేది. సింగపూర్ కోల్డ్ స్టోరేజ్ 1903లో ఆస్ట్రేలియా నుంచి గడ్డకట్టించిన మాంసం తెచ్చి అమ్మడానికి పుట్టింది. బ్యాంకాక్‌లో 1974లో సుఖుంవిత్ రోడ్డులో మొదలైన విల్లా మార్కెట్‌కు అక్కడి విదేశీయులే ఆధారం.

హాంకాంగ్ కథలో మనకొక చుట్టరికం ఉంది. అక్కడి డెయిరీ ఫామ్ కంపెనీని 1886లో మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు పాట్రిక్ మాన్సన్ అనే స్కాటిష్ డాక్టరు. జనానికి శుభ్రమైన పాలు అందాలన్నది ఆయన ఉద్దేశం. మలేరియాకు దోమలకు సంబంధం ఉండొచ్చని రొనాల్డ్ రాస్‌కు చెప్పి, దారి చూపింది కూడా ఆయనే. ఆ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు.

కొరియాలో ఈ పని షాపులు చేయలేదు, సైనిక శిబిరాలు చేశాయి. యుద్ధం తర్వాత అమెరికా శిబిరాల క్యాంటీన్ల నుంచి స్పామ్, సాసేజ్, చీజ్ బయటకు వచ్చి నామ్‌దేమున్ బజారులో అమ్ముడయ్యేవి. పోలీసులు రాగానే మాయమై మళ్లీ ప్రత్యక్షమయ్యే ఆ దుకాణాలను "దొక్కేబి బజారు" అన్నారు, దొక్కేబి అంటే వాళ్ల కథల్లో దెయ్యం. ఆ స్పామ్‌తోనే బుదే జిగే అనే పులుసు పుట్టింది, సైనిక శిబిరపు పులుసు అని దాని అర్థం. ఇప్పుడు చుసోక్ పండగకు స్పామ్ డబ్బాల పెట్టె కానుకగా ఇచ్చుకుంటారు. ఇక దాన్ని విదేశీ సరుకు అనడానికి ఏమీ మిగల్లేదు. వియత్నాంలో చీజ్‌ను ఫోమాయ్, బటర్‌ను బో అంటారు. రెండూ ఫ్రెంచి మాటలే, నోటికి తగ్గట్టు అరిగాయి. స్థానికుల నోట్లో పేరు మారిన సరుకు ఆ దేశంలో చవగ్గానే దొరుకుతుంది.

పేరు తెలియక దొరకనివి

కొన్ని సరుకులు పక్క వీధిలోనే ఉంటాయి. అడగడం తెలియక దొరకవు. జపాన్‌లో గోధుమ పిండి మూడు రకాలు: కేకుకు హకురికికో, మధ్యస్తానికి చురికికో, రొట్టెకు క్యోరికికో. తేడా ప్రోటీన్ శాతంలో ఉంది. "ఆల్ పర్పస్" అని వెతికే అమెరికన్‌కు ఆ మాట ఎక్కడా కనిపించదు. చురికికో తీసుకుంటే చాలావరకు సరిపోతుంది. బేకింగ్ సోడా జూసో పేరుతో, చాలాసార్లు గిన్నెలు తోమే సామాను దగ్గర ఉంటుంది. తినేదీ తోమేదీ వేర్వేరు ప్యాకెట్లు, చూసి తీసుకోవాలి.

హైదరాబాద్‌కు వచ్చిన విదేశీయులదీ ఇదే అవస్థ. వాళ్ల బేకింగ్ సోడా మన వంట సోడా, వాళ్ల బెల్ పెప్పర్ మన క్యాప్సికం. అమెరికన్‌కు కార్న్ ఫ్లోర్ అంటే మొక్కజొన్న పిండి. మన షాపులో ఆ పేరుతో ఇచ్చేది మొక్కజొన్న గంజిపొడి. అలాగే మామూలుగా దొరికే అమూల్ ఫ్రెష్ క్రీములో కొవ్వు 25 శాతం. ఎంత గిలక్కొట్టినా కేకు మీద నిలవదు, దానికి విప్పింగ్ క్రీమ్ వేరే అడగాలి.

వంటింటి సంగతి కూడా మరిచిపోకూడదు. టోక్యో అపార్ట్‌మెంట్లలో చాలావాటికి పెద్ద ఓవెన్ ఉండదు. పొయ్యి కింద చేపలు కాల్చే చిన్న అర, పక్కన ఓవెన్ రేంజ్ అనే పెట్టె, అంతే. గడ్డకట్టిన టర్కీ కోడి దొరికినా అది అందులో పట్టదు. స్థానికుల వంటింట్లో వీలు కాని వంటకు స్థానిక షాపులో సరుకు ఎందుకుంటుంది?

పార్సిల్‌లో తెప్పించుకుంటే

ఇంటికే తెప్పించుకునేవాళ్లకు తెలియాల్సిన మాట "చిన్న పార్సిల్ మినహాయింపు". జపాన్‌లో కస్టమ్స్ విలువ 10,000 యెన్ల లోపుంటే సాధారణంగా సుంకం, వినియోగ పన్ను ఉండవు. సింగపూర్ 2023 జనవరి నుంచి 400 సింగపూర్ డాలర్ల లోపు పార్సిళ్ల మీద కూడా జీఎస్టీ వేస్తోంది. థాయ్‌లాండ్ 2024 జులై నుంచి 1,500 బాత్‌ల లోపువాటికీ 7 శాతం వ్యాట్ పెట్టింది. స్థానిక వ్యాపారులు పన్ను కడుతుంటే బయటి పార్సిల్ పన్ను లేకుండా రావడం న్యాయం కాదన్నది ఈ మార్పుల వెనుక వాదన. చిన్న ఊళ్లో ఉండి, తనకు కావాల్సిన గ్లూటెన్ లేని పిండి ఏ షాపులోనూ దొరకని మనిషికి ఆ పార్సిల్ తప్ప దారి లేదన్నదీ నిజమే.

మాంసం విషయంలో మాత్రం మినహాయింపులు లేవు. మన ఇంటి నుంచి పంపిన నాటుకోడి పచ్చడి, అమెరికా నుంచి తెచ్చిన బీఫ్ జెర్కీ రెండూ జపాన్ విమానాశ్రయంలో ఒకే బుట్టలోకి వెళ్తాయి. 2019 ఏప్రిల్ నుంచి తనిఖీ ఇంకా కఠినమైంది.

అక్కడే చేసుకోవడం మొదలైతే

దిగుమతికి, అసలు లేకపోవడానికి మధ్య మూడో దారి ఒకటుంది. వియత్నాంలో 2011లో హో చి మిన్ సిటీలో మొదలైన పిజ్జా ఫోర్ పీస్ రెస్టారెంటుకు తాజా మొజరెల్లా కావాల్సి వచ్చింది. యూరప్ నుంచి తెస్తే ఖర్చు, తాజాదనం రెండూ కుదరవు. చల్లటి కొండ ప్రాంతం దలాత్ దగ్గర పాలు తీసుకుని వాళ్లే చీజ్ చేయడం మొదలుపెట్టారు. మొజరెల్లా లాంటి తాజా చీజ్‌కు ఇది బాగా కుదురుతుంది. ఏడాది, రెండేళ్లు మాగబెట్టాల్సిన రకాలకు అంత తేలిక కాదు, ఎందుకంటే అన్నాళ్లు డబ్బు గోడౌన్లో కూర్చుంటుంది.

జపాన్ సంగతికి వస్తే, యూరప్‌తో 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చిన ఒప్పందం ప్రకారం చెడ్డర్ లాంటి గట్టి చీజ్ మీద ఆ 29.8 శాతం సుంకం ఏటా కొంచెం తగ్గుతూ 2033కు పూర్తిగా పోతుంది. మెత్తటి చీజ్‌లకు మాత్రం కోటానే. మొదటి ఏడు 20,000 టన్నులు, పెరుగుతూ పెరుగుతూ పదహారో ఏటికి 31,000 టన్నులు. పైన వేసిన టోక్యో లెక్కలో సుంకం సున్నా పెట్టి చూస్తే కిలో చెడ్డర్ 1,481 నుంచి 1,140కి దిగుతుంది, సింగపూర్ కన్నా కొంచెం తక్కువే. 2033లో డాలరుకు, యూరోకు ఎన్ని యెన్లు వస్తాయన్నది ఆ లెక్కలో లేదు.